కూలి ఎగవేత: నేటి కాలపు బానిసత్వం

ప్రళయదినాన ముగ్గురు వ్యక్తులకు వ్యతిరేకంగా అల్లాహ్ స్వయంగా ఫిర్యాదీగా నిలబడతాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. అల్లాహ్ పేరుతో మాట ఇచ్చి తప్పినవాడు మొదటివాడు. స్వతంత్రుడైన మనిషిని అమ్మి ఆ సొమ్ము తిన్నవాడు రెండోవాడు. కూలివాని చేత పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివాడు మూడోవాడు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది.

బానిసల సంతలు ఏనాడో పోయాయి కదా, రెండో హెచ్చరికతో మనకేం పని అని కొందరు అనుకుంటారు. కాని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022లో ప్రకటించిన అంచనా చూడండి. 2021 నాటికి ప్రపంచంలో దాదాపు 2 కోట్ల 80 లక్షల మంది బలవంతపు చాకిరీలో ఉన్నారు. సంకెళ్ళు కనపడవు. అప్పు, బెదిరింపు, లాక్కున్న పాస్‌పోర్టు, ఆపేసిన జీతం - ఇవే నేటి సంకెళ్ళు.

చెత్త వేరుచేసే చోట...

బ్రిటన్‌లో జరిగిన ఒక ఉదంతం గమనించండి. పోలెండుకు చెందిన ఒక ముఠా 2012 నుంచి 2017 వరకు తమ దేశంలోని నిరుపేదలను, ఇల్లూ వాకిలీ లేనివారిని మంచి ఉద్యోగాల ఆశ చూపి వెస్ట్ మిడ్‌లాండ్స్ ప్రాంతానికి తరలించింది. బాధితులు 400 మందికి పైగా ఉంటారని పోలీసుల అంచనా. వారిని ఎలుకలు తిరిగే ఇళ్ళలో కుక్కి, చెత్త రీసైక్లింగ్ కేంద్రాలకు, పొలాలకు, కోళ్ళ ఫ్యాక్టరీలకు పనికి పంపారు. కొందరి చేతికి వారానికి 20 పౌండ్లు మాత్రమే వచ్చేవి. 2015లో ఇద్దరు బాధితులు తప్పించుకుని ఒక సేవాసంస్థకు చెప్పుకోవటంతో గుట్టు రట్టయింది. 2019 నాటికి ఎనిమిది మందికి జైలుశిక్షలు పడ్డాయి.

ఇందులో మనం నేర్చుకోవలసిన పాఠం ఒకటుంది. జీతం కార్మికుని పేరు మీదున్న బ్యాంకు ఖాతాలోనే పడేది. కాని ఖాతా, కార్డు ముఠా చేతిలో ఉండేవి. కంపెనీల కాగితాల్లో అంతా సక్రమంగానే కనిపించింది. మనుషులను ఏజెన్సీ పంపుతుంది, కంపెనీ ఏజెన్సీకి డబ్బు కడుతుంది. మధ్యలో ఉన్న మనిషిని ఎవరూ పలకరించరు.

బ్రిటన్ 2015లో చేసిన చట్టం ప్రకారం ఏటా 3 కోట్ల 60 లక్షల పౌండ్లు, అంతకు మించి వ్యాపారం చేసే కంపెనీలు తమ పనిలోనూ, తమకు సరుకు, మనుషులను అందించేవారి దగ్గరా బానిసత్వాన్ని అరికట్టడానికి ఏం చేశాయో ప్రకటించాలి. అయితే ప్రకటన అచ్చువేయటం వేరు, పనివాణ్ణి పక్కకు పిలిచి అతని భాషలో అడగటం వేరు.

యజమాని ఏం చూడాలి?

1. అనేకమంది పనివారికి ఒకే చిరునామా, ఒకే ఫోన్ నెంబరు ఉంటే అనుమానించాలి. అందరి తరఫునా ఒక్కడే మాట్లాడుతుంటే మరింతగా ఆరా తీయాలి.
2. ఉద్యోగం కోసం పనివాడు ఎవరికైనా డబ్బు కట్టాడా అని అడగాలి. ఆ ఖర్చు యజమాని భరించవలసింది.
3. పాస్‌పోర్టు, ఏటీఎం కార్డు ఎవరివి వారి దగ్గరే ఉండాలి.
4. సబ్ కాంట్రాక్టరు దగ్గరికి చెప్పకుండా వెళ్ళి చూడాలి.
5. తప్పు బయటపడితే కాంట్రాక్టు రద్దు చేసి చేతులు దులుపుకోరాదు. బాధితునికి రావలసిన బాకీ ఇప్పించాలి.

పనివారు తొడుక్కునే గ్లవ్స్ విషయంలోనూ విచారణ అవసరం. మలేషియాలోని ఒక పెద్ద గ్లవ్స్ కంపెనీ సరుకును బలవంతపు చాకిరీ ఆరోపణలపై 2020లో అమెరికా తన రేవుల్లో ఆపింది. కార్మికులు ఉద్యోగం కోసం కట్టిన ఫీజులను కంపెనీ తిరిగి చెల్లించిన తర్వాత, 2021లో ఆ నిషేధం తొలగింది.

మన ఇంటి సంగతి

మన సోదరులు చాలామంది స్క్రాప్ వ్యాపారంలో ఉన్నారు. చెత్త ఏరుకునే కుటుంబానికి అడ్వాన్సు ఇచ్చి, "నాకే అమ్మాలి, నేను చెప్పిన ధరకే అమ్మాలి" అని కట్టడి చేస్తే ఆ లాభం ఏపాటిదో ఆలోచించాలి. అప్పు మూలంగా పొందే ప్రయోజనం వడ్డీ కోవలోకి వస్తుందన్నది ఫుఖహాల సుప్రసిద్ధ సూత్రం. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి గడువు ఇవ్వమని అల్లాహ్ అల్ బఖరా సూరాలో ఆదేశించాడు.

మన దేశ చట్టమూ దీన్ని సహించదు. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిచాకిరీని నిషేధించింది. 1976 చట్టం వెట్టి అప్పులను రద్దు చేసింది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవటం కూడా బలవంతపు చాకిరీయేనని 1982లో సుప్రీంకోర్టు ఆసియాడ్ కార్మికుల కేసులో తీర్పు చెప్పింది. ఎవరైనా ఇలా చిక్కుకుంటే జిల్లా కలెక్టరుకు ఫిర్యాదు చేయవచ్చు.

గల్ఫ్‌లో క్లీనింగ్ కంపెనీల్లో పనికి వెళ్ళే మన బిడ్డలకూ ఈ విషయాలు చెప్పి పంపాలి. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ లేని ఏజెంటు చేతికి డబ్బు ఇవ్వవద్దు. ఒప్పందం చదివించుకోకుండా సంతకం చేయవద్దు. పాస్‌పోర్టు, ఒప్పందం నకళ్ళు ఇంట్లో ఉంచి వెళ్ళమనండి.

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ బలద్ సూరా కష్టతరమైన ఎగుడు దారిని ప్రస్తావించి, మెడను బానిసత్వం నుంచి విడిపించటాన్ని అందులో మొట్టమొదట పేర్కొంది. జకాత్ ఖర్చు చేయవలసిన ఎనిమిది పద్దుల్లో బానిస విముక్తి, రుణగ్రస్తుల సహాయం రెండూ ఉన్నాయి. పనివారు మన సోదరులని, మోయలేని భారం వేయవద్దని, వేస్తే మనమూ చెయ్యి వేయాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు.

రేపు మన వాకిట చెత్తబండి ఆగినప్పుడు ఆ మనిషికి సలాం చేద్దాం, "జీతం నెలనెలా అందుతోందా?" అని అడుగుదాం. అందటం లేదంటే అతని తరఫున అర్జీ రాయటానికి మన చదువుకున్న పిల్లలను కూర్చోబెడదాం. ఆ ముగ్గురి జాబితాలో మన పేరు లేకుండా అల్లాహ్ మనల్ని కాపాడుగాక! ఆమీన్.