నెల తప్పాక దూరపు విమాన ప్రయాణం: ఎక్కే ముందు తెలుసుకోవలసిన సంగతులు

ఈ మధ్య ఒక ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్ల దగ్గర ఒక అమ్మగారు నన్ను ఆపారు. వాళ్ల అమ్మాయికి పెళ్లయి ఏడాది. అల్లుడికి డల్లాస్‌లో ఉద్యోగం. అమ్మాయికి వీసా వచ్చింది, టికెట్ కొన్నారు, పచ్చళ్లు కూడా ప్యాకింగ్ చేయించారు. ఈలోగా నెల తప్పింది. "డాక్టరమ్మా, మూడో నెల దాటేదాకా గడప దాటనివ్వకూడదని వాళ్ల అత్తగారు అంటున్నారు. టికెట్ మారిస్తే బోలెడు డబ్బు పోతుందని అల్లుడు అంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?" అని అడిగారు.

"ముందు అమ్మాయికి స్కానింగ్ తీయించండమ్మా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను. నా జవాబు ఆమెకు అంతగా నచ్చలేదని ముఖం చూస్తేనే తెలిసింది. మెట్ల మీద నిలబడి అంతకంటే చెప్పలేకపోయాను. మన సంఘంలోనూ, మన ఓ.పి.కి వచ్చే కుటుంబాల్లోనూ అమెరికాలో, కువైట్‌లో, దుబాయిలో పిల్లలు లేని ఇల్లు తక్కువ. అందుచేత ఆ మాట ఎందుకు అన్నానో ఈ సంచికలో వివరంగా రాస్తున్నాను.

విమానం ఎక్కితే కడుపు పోతుందా?

ఆరోగ్యంగా ఉన్న గర్భిణి ఎప్పుడో ఒకసారి విమానం ఎక్కినంత మాత్రాన గర్భస్రావం అవుతుందని ఇంతవరకు రుజువు కాలేదు. మరి ఈ భయం ఎక్కడి నుంచి వచ్చింది? నెల తప్పిందని తెలిసిన ప్రతి 100 మందిలో 10 నుంచి 20 మందికి గర్భం నిలవదు. అందులో ఎక్కువ భాగం మొదటి 12 వారాల్లోనే జరుగుతుంది. ఆ రోజుల్లో కొందరు బస్సు ఎక్కి ఉంటారు, కొందరు బిందె మోసి ఉంటారు, కొందరు విమానం ఎక్కి ఉంటారు. ఏది గుర్తుంటే దాని మీదకు నింద పోతుంది. నిజానికి ఇలా పోయిన గర్భాల్లో సుమారు సగం వాటికి కారణం క్రోమోజోముల లెక్క తప్పడమే. అది పిండం ఏర్పడేటప్పుడే జరిగిపోయే పొరపాటు. తల్లి ఇంట్లో మంచం దిగకుండా ఉన్నా అది ఆగదు.

కొన్నేళ్ల క్రితం కువైట్‌లో ఇంటిపని చేసే ఒక అమ్మాయి మన ప్రసూతి వార్డులో చేరింది. విమానం దిగిన మూడో రోజు రక్తస్రావం మొదలైంది. లెక్క ప్రకారం తొమ్మిది వారాలు నిండాయి. స్కానింగ్‌లో చూస్తే బిడ్డ ఏడు వారాల సైజు దగ్గరే ఆగిపోయి ఉంది. అంటే ఆ అమ్మాయి విమానం ఎక్కడానికి చాలా రోజుల ముందే ఆ గుండె ఆగింది. ఇదేమీ తెలియని అత్తగారు మంచం పక్కన నిలబడి "నిన్ను ఇప్పుడే రమ్మని ఎవరు ఏడ్చారు" అంటూనే ఉన్నారు. ఆ అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుంది. నేను అత్తగారిని గదిలోకి పిలిచి, రిపోర్టు చేతిలో పెట్టి, తేదీలు వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బయటకు వెళ్లి కోడలికి పాలు కొని తెచ్చారు. ఇటువంటి మాట మీ ఇంట్లో ఎవరినైనా అని ఉంటే, ఈ పేరా వాళ్లకు కూడా చదివి వినిపించండి.

అయితే స్కానింగ్ ఎందుకు?

విమానం గర్భానికి హాని చేస్తుందని కాదు. విమానంలో ఉండగా బయటపడితే ప్రాణం మీదకు వచ్చే ఒక పరిస్థితి ఉంది. గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో నిలవడం. ప్రతి 100 గర్భాల్లో ఒకటి రెండు ఇలా జరుగుతాయి. మూత్ర పరీక్షలో రెండు గీతలు దీనికి కూడా వస్తాయి, వేవిళ్లు కూడా ఉంటాయి. బయటికి ఏ తేడా తెలియదు. ట్యూబు సన్నటిది, సాగే గుణం లేనిది. పిండం పెరిగేకొద్దీ, తరచుగా 6 నుంచి 8 వారాల మధ్య, అది చిట్లి కడుపు లోపలే రక్తం పోతుంది. నేల మీద ఉంటే గంటలో ఆపరేషన్ థియేటర్‌కు చేర్చగలం. దుబాయి నుంచో దోహా నుంచో అమెరికాకు 14 నుంచి 16 గంటలు ఎగురుతుంది విమానం. మధ్యలో సముద్రం. అక్కడ రక్తం ఎక్కించేవారు లేరు, ఆపరేషన్ చేసేవారు లేరు.

కాబట్టి ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెట్టి ఆరు, ఏడు వారాలకు ఒక స్కానింగ్ తీయించుకుని, గర్భం సంచిలోనే ఉందని, గుండె కొట్టుకుంటోందని చూసుకున్న తర్వాతే దూర ప్రయాణం పెట్టుకోండి. మరీ ముందుగా, అయిదో వారం లోపు వస్తే ఏమీ కనిపించకపోవచ్చు. కంగారు పడవద్దు. వారం ఆగి మళ్లీ చూస్తాం, అవసరమైతే రక్తంలో హార్మోను పరీక్ష కూడా చేస్తాం. ఆ సందేహం తీరకుండా మాత్రం విమానం ఎక్కవద్దు. ఇదివరకు ట్యూబులో గర్భం వచ్చినవారు, ట్యూబుల ఆపరేషన్ అయినవారు, పొత్తికడుపులో ఇన్‌ఫెక్షన్ గాని క్షయ గాని వచ్చినవారు, లూప్ ఉండగానే నెల తప్పినవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, కొద్దికొద్దిగా నల్లటి రక్తస్రావం, కళ్లు తిరగడం, కారణం లేకుండా భుజం చివర నొప్పి, వీటిలో ఏది కనిపించినా టికెట్ సంగతి మర్చిపోయి ఆసుపత్రికి రండి.

రక్తం ఎంత ఉంది?

విమానం 35 వేల అడుగుల పైన ఎగిరినా, లోపల గాలిని 6 నుంచి 8 వేల అడుగుల ఎత్తున ఉండే గాలికి సమానంగా ఉంచుతారు. ఊటీ ఎత్తు సుమారు 7,350 అడుగులు. అంటే ఊటీలో కూర్చున్నట్టే అనుకోండి. తల్లి రక్తంలో ఆక్సిజన్ కొద్దిగా తగ్గుతుంది, కానీ ఆరోగ్యవంతురాలికి, కడుపులో బిడ్డకు దాని వల్ల హాని ఉండదు.

రక్తం తక్కువగా ఉన్నవారి సంగతి వేరు. మన దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములైనా ఉండాలి. 8 గ్రాముల దగ్గరికి దిగితే ముందు చికిత్స, తర్వాతే ప్రయాణం. అదే రోజున బ్లడ్ గ్రూపు కూడా చూపించుకోండి. ఆర్.హెచ్. నెగెటివ్ అయితే ఆ కాగితం పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి. దారిలోగాని, అక్కడికి చేరాక గాని రక్తస్రావం అయితే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమేమో వెంటనే చూడాలి కదా. కొత్త దేశంలో ఆ క్షణాన గ్రూపు గుర్తులేక తడుముకోవడం మంచిది కాదు.

కాళ్ల మాట వినండి

నన్నడిగితే, ఆరోగ్యంగా ఉన్న గర్భిణికి దూరపు విమాన ప్రయాణంలో నిజంగా పట్టించుకోవలసిన విషయం ఇదే. అందరూ కడుపు గురించి అడుగుతారు, కాళ్ల గురించి ఎవరూ అడగరు.

నెల తప్పిన దగ్గర నుంచే శరీరం రక్తం త్వరగా గడ్డకట్టేలా సిద్ధమవుతుంది. కాన్పు సమయంలో ఎక్కువ రక్తం పోకుండా ఉండేందుకు అది సహజమైన ఏర్పాటు. కానీ దీనివల్లే పిక్కల్లోని లోపలి సిరల్లో గడ్డ కట్టే అవకాశం గర్భిణులకు మామూలు ఆడవారి కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. దానికి తోడు నాలుగు గంటలు దాటి కాళ్లు ముడుచుకుని కూర్చోవడం, వాంతులతో ఒంట్లో నీరు తగ్గడం. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణాపాయం.

చేయవలసిన పని కష్టమైనదేమీ కాదు. టికెట్ కొనేటప్పుడే నడవా పక్క సీటు అడగండి. గంటకో గంటన్నరకో ఒకసారి లేచి అటూ ఇటూ నడవండి. పక్కవాళ్లను లేపాలంటే మొహమాటం అనిపిస్తుంది, నిజమే. మొదటిసారే "నేను గర్భవతినండీ, మాటిమాటికీ లేస్తాను" అని చెప్పేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. సీటులో ఉన్నప్పుడు మడమ నేలకు ఆనించి వేళ్లు పైకెత్తడం, వేళ్లు ఆనించి మడమ ఎత్తడం, పాదాలు గుండ్రంగా తిప్పడం చేస్తూ ఉండండి. కుట్టుమిషను తొక్కిన అలవాటు ఉన్నవారికి ఇది చెప్పనక్కరలేదు. చేతి సంచి కాళ్ల కింద పెట్టుకుంటే పాదాలు కదలవు, దాన్ని పైన పెట్టించండి. మోకాలి దాకా వచ్చే బిగుతు మేజోళ్లు మందుల షాపుల్లో దొరుకుతాయి. సరైన కొలత ముఖ్యం కాబట్టి డాక్టరుకు చూపించి తీసుకోండి, ప్రయాణం రోజున వేసుకోండి. మామూలు క్రేప్ బ్యాండేజీ చుట్టుకోవద్దు, అది ఒకచోట బిగిసి మరోచోట వదులై మేలు కంటే కీడే చేస్తుంది. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ మాత్ర వేసుకోవద్దు. ఇదివరకు కాళ్లలో గడ్డ కట్టినవారు, ఆ జబ్బు ఇంట్లో దగ్గరివారికి ఉన్నవారు, బాగా లావుగా ఉన్నవారు ముందే చెప్పాలి. కొందరికి హెపారిన్ ఇంజెక్షన్ ఇచ్చి పంపవలసి ఉంటుంది.

దిగిన తర్వాత కూడా కొన్ని వారాలు ఒక కన్నేసి ఉంచండి. ఒక కాలు మాత్రమే వాచి, పిక్కలో నొప్పి, వేడి ఉంటే అది ప్రయాణ బడలిక కాదు. ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు ఉంటే రాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

వేవిళ్లు, తిండి, మందులు

వేవిళ్లు ఎక్కువగా ఉండేది ఆరు నుంచి పన్నెండు వారాల మధ్యనే. మంచినీళ్లు కూడా ఇమడని స్థితిలో ఎవరూ ప్రయాణం చేయకూడదు. ముందు సెలైన్ పెట్టించుకుని కోలుకోవాలి. మామూలు వికారమైతే బి6తో కలిసిన డాక్సిలమిన్ మాత్రలు గర్భిణులకు వాడదగినవే, చీటీ రాయించుకోండి. మరమరాలు, బిస్కెట్లు, ఎండు అల్లం ముక్క దగ్గర ఉంచుకోండి. ఖాళీ కడుపుతో వికారం పెరుగుతుంది. శనగలు, కూల్ డ్రింకులు ముందురోజు నుంచే మానండి. పైకి వెళ్లేకొద్దీ పేగుల్లో గాలి వ్యాకోచించి కడుపు ఉబ్బుతుంది, ఆ నొప్పికే చాలామంది హడలిపోతారు. విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది, దాహం వేయకపోయినా నీళ్లు తాగుతూ ఉండండి. బాత్రూముకు వెళ్లవలసి వస్తుందని మానవద్దు. వెళ్లిరావడమే నడక కూడా.

ఫోలిక్ యాసిడ్ మాత్ర ప్రయాణం రోజున కూడా ఆపవద్దు. మందులన్నీ చేతి సంచిలోనే, డాక్టరు చీటీతో సహా ఉండాలి. దుబాయి మీదుగా వెళ్లేవారు కోడీన్, ట్రమడాల్ కలిసిన నొప్పి, దగ్గు మందులు తీసుకువెళ్లవద్దు, అక్కడ వాటి మీద గట్టి నిబంధనలున్నాయి. గర్భిణికి ఎలాగూ అవి మంచివి కావు. సీటు బెల్టు పొట్ట మీద కాకుండా పొట్ట కింద, తుంటి ఎముకల మీదుగా పెట్టుకోవాలి.

తనిఖీ గేట్లు, ఎక్స్‌రే, టీకాలు

విమానాశ్రయంలో మనుషులు నడిచే గేటు ఎక్స్‌రే కాదు, లోహాన్ని గుర్తించే యంత్రం. బిడ్డకు హాని లేదు. పై ఎత్తున ఆకాశం నుంచి వచ్చే రేడియేషన్ కాస్త ఎక్కువే గాని, పది గంటల ప్రయాణంలో అది సుమారు 0.05 మిల్లీసీవర్టులు. గర్భకాలం మొత్తానికి పెట్టుకున్న హద్దు 1 మిల్లీసీవర్టు. విమానంలోనే ఉద్యోగం చేసేవారు లెక్క చూసుకోవాలి, మనకు భయం లేదు.

జాగ్రత్త పడవలసింది వీసా వైద్య పరీక్షల దగ్గర. గల్ఫ్ పని వీసాకు, అమెరికా గ్రీన్ కార్డు వీసాకు ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. నెల తప్పిందన్న అనుమానం ఉన్నా ముందే నోరు తెరిచి చెప్పండి. గ్రీన్ కార్డుకు అడిగే టీకాల్లో ఎం.ఎం.ఆర్., ఆటలమ్మ టీకాలు గర్భిణులకు వేయకూడదు. వీసా డాక్టరుకు చెబితే వాటిని మినహాయిస్తారు. సిగ్గుపడి దాచిపెట్టి టీకా వేయించుకుని, తర్వాత ఏడుస్తూ వచ్చినవారిని చూశాను. వాళ్లలో ఎవరికీ బిడ్డకు ఏమీ కాలేదు, కానీ తొమ్మిది నెలలూ నిద్ర లేకుండా గడిపారు.

వెళ్లడానికి మంచి సమయం ఏది అంటే, నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు. వేవిళ్లు తగ్గుతాయి, ఒంట్లో ఓపిక వస్తుంది, పొట్ట ఇంకా బరువు కాదు. వీలున్నవారు అప్పటికి జరుపుకోండి. వీసా గడువో, సెలవో అడ్డుపడి తొలి నెలల్లోనే వెళ్లవలసి వస్తే పైన చెప్పిన జాగ్రత్తలతో వెళ్లవచ్చు. కవలలున్నా, రక్తస్రావం కనిపించినా, బి.పి., షుగరు, గుండె జబ్బు ఉన్నా ఇది చదివి మీరే నిర్ణయించుకోవద్దు, రండి. మరో మాట, ప్రయాణపు ఇన్సూరెన్సు పాలసీలు చాలావరకు గర్భానికి సంబంధించిన ఖర్చు ఇవ్వవు. కొనే ముందు ఆ వాక్యం వెతికి చదవండి.

గుడి మెట్ల దగ్గర అడిగిన అమ్మగారు ఆ బుధవారమే అమ్మాయిని తీసుకొచ్చారు. ఏడో వారం, గర్భం సంచిలోనే ఉంది, గుండె చక్కగా కొట్టుకుంటోంది. కానీ హిమోగ్లోబిన్ 8.4, రోజుకు ఏడెనిమిది వాంతులు. టికెట్ జరపమన్నాను. అల్లుడు డల్లాస్ నుంచి ఫోన్ చేసి నాతోనే అరగంట మాట్లాడాడు, చివరకు ఒప్పుకున్నాడు. పదిహేనో వారంలో ప్రయాణం పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ అమ్మాయి ఐరన్ మాత్రలు వేసుకుంటూ, కోడిగుడ్డు తినమంటే ముఖం చిట్లిస్తూ ఇక్కడే ఉంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఇటువంటి ప్రయాణం ఉంటే, కనీసం పది రోజుల ముందు స్త్రీల ఓ.పి.కి తీసుకురండి. పాస్‌పోర్టు, టికెట్ కాగితం, పాత రిపోర్టులు వెంట తేవాలి. బయల్దేరే ముందురోజు సాయంత్రం వస్తే రక్త పరీక్ష ఫలితం చేతికి వచ్చేసరికే విమానం వెళ్లిపోతుంది.