నిరీక్షణ - నిర్ణయం

ఊరికి వెళ్ళేవారు తాళంచెవిని పొరుగింటివారికి అప్పగించి, తులసికోటకు నీళ్ళు పోయమని, పెరటిలోని ఆవుకు మేత వేయమని చెప్పి వెళ్ళటం తెలుగువారికి పరిచితమైన ఆచారమే. పాశ్చాత్య దేశాలలో ఇటువంటి విశ్వాసమే అపరిచితుల నడుమ ఒక ఏర్పాటుగా రూపొందింది. దానిని 'హౌస్ సిట్టింగ్' అంటారు. గృహస్థులు విహారానికో, బంధుదర్శనానికో వెళ్ళినప్పుడు మరొకరు వచ్చి వారి ఇంట నివసిస్తూ, ఇంటినీ, పెంపుడు కుక్కలనూ, పిల్లులనూ కనిపెట్టుకొని ఉంటారు. సాధారణంగా ఇందులో అద్దె ఉండదు, వేతనమూ ఉండదు. ఇంగ్లాండులోని బ్రైటన్ నగరంలో 2010లో ప్రారంభమైన ట్రస్టెడ్ హౌస్ సిట్టర్స్ వంటి సంస్థలు సభ్యత్వ రుసుము తీసుకొని ఇరుపక్షాలనూ కలుపుతాయి.

ఈ ఏర్పాటులో దరఖాస్తు పంపటం సులభం. జవాబు కోసం వేచి ఉండటమే కష్టం. స్కాట్లాండు రాజధాని ఎడిన్‌బరోలో 1947లో ఆరంభమైన కళోత్సవాలు ఆగస్టు నెలలో జరుగుతాయి. ఆ రోజులలో వసతి దొరకటం కష్టం. దొరికినా దాని వెల మిన్నంటుతుంది. అప్పుడక్కడ ఒక ఇంటి సంరక్షణకు దరఖాస్తు చేసుకొన్నవారికి వారం దాటినా జవాబు రాలేదనుకొందాం. వేరొక ఇంటికి ప్రయత్నిస్తే ఇది చేజారుతుందేమో, ప్రయత్నించకపోతే రెండూ దక్కవేమో అన్న సందిగ్ధం వారిని వేధిస్తుంది.

ఇట్టి వేళ మనస్సు కీడునే ముందుగా ఊహిస్తుంది. పోతన భాగవతంలో రుక్మిణి, శ్రీకృష్ణుని వద్దకు పంపిన బ్రాహ్మణుడు తిరిగి రాకపోవటంతో, అతడు దారిలో అలసి చిక్కుకొన్నాడేమోనని, తన విన్నపం కృష్ణునికి నచ్చలేదేమోనని పరిపరివిధాల తలపోస్తుంది. కాని కృష్ణుడు అప్పటికే బయలుదేరాడు. మౌనమంతా నిరాకరణ కాదు.

గృహస్థుల మౌనానికి కారణాలు అనేకం. ఒకే ఇంటికి పలువురు దరఖాస్తు చేసి ఉండవచ్చు. ప్రయాణపు తేదీలు ఖరారు కాకపోవచ్చు. కుటుంబసభ్యులు ఏకాభిప్రాయానికి రాకపోవచ్చు. దేశాంతరం నుండి వ్రాసేవారికి కాలభేదం కూడా అడ్డువస్తుంది. హైదరాబాదులో ఉదయం 9 గంటలైనప్పుడు, వేసవిలో బ్రిటన్‌లో తెల్లవారుజాము 4.30 గంటలే అవుతుంది.

కనుక దరఖాస్తుదారు తన వంతు కర్తవ్యాన్ని నిర్వర్తించాలి. ప్రకటనను శ్రద్ధగా చదివి, తన అనుభవాన్నీ, రాగల తేదీలనూ మొదటి లేఖలోనే స్పష్టంగా తెలపాలి. విదేశానికి వెళ్ళేవారు అక్కడి వీసా నియమాలు ఇట్టి సేవను అనుమతిస్తాయో లేదో ముందే విచారించాలి. నాలుగైదు రోజులు గడిచాక నిష్ఠూరం లేకుండా ఒక్కసారి గుర్తుచేయవచ్చు. "మీ నిర్ణయాన్ని ఫలానా తేదీలోగా తెలిపితే ప్రయాణానికి సిద్ధం కాగలను, లేనిచో మరొక ఇంటికి మాట ఇవ్వవలసి ఉంటుంది" అని వ్రాయటం మర్యాదకు లోటు కాదు. గడువు దాటితే దరఖాస్తును సవినయంగా ఉపసంహరించుకోవాలి. పలు ఇళ్ళకు దరఖాస్తు చేయటం తప్పు కాదు. రెండిళ్ళకు ఒకేసారి మాట ఇవ్వటం తప్పు. ఏర్పాటు ఖరారు కానిదే టికెట్టు కొనరాదు.

గుర్తుచేసిన తరువాత కూడా పలుకనివారి విషయంలో మరొక ఆలోచన అవసరం. రేపు వారి కుక్కకు జబ్బు చేస్తే, చికిత్సకు అనుమతి అడగవలసింది వారినే. అప్పుడూ ఇదే మౌనమైతే ఆ మూగజీవి గతి ఏమిటి? అట్టి ఇంటిని వదులుకోవటమే వివేకం.

గృహస్థులకూ ఒక ధర్మం ఉన్నది. 'కాదు' అనే మాట కఠినమైనదే. అయినా దానిని సకాలంలో చెబితే ఎదుటివారు మరొక దారి చూసుకోగలుగుతారు. అతిథికి ఇంటిని అప్పగించటం ఎంత ఔదార్యమో, ఇవ్వలేనప్పుడు వెంటనే తెలపటం కూడా అంతే ఔదార్యం.

ప్రశ్నలు

1. గృహస్థుల మౌనానికి గల కారణాలను వివరించండి.
2. రుక్మిణి ప్రస్తావన ఈ పాఠ్యాంశానికి ఎట్లా తోడ్పడుతున్నది?
3. జవాబు ఆలస్యమైనప్పుడు గడువును సూచిస్తూ మర్యాదపూర్వకమైన లేఖ వ్రాయండి.