మొక్కల కణకవచంలో సిలికాన్

సిలికాన్ పరమాణు సంఖ్య 14. భూపటలంలో ఆక్సిజన్ తర్వాత అత్యధికంగా ఉండే మూలకం. మొక్కకు అత్యవసరమా? కాదు. ఆర్నాన్, స్టౌట్ 1939లో చెప్పిన ప్రమాణాల ప్రకారం గుర్తించిన 17 అత్యవసర మూలకాల్లో ఇది లేదు; 'ప్రయోజక మూలకం' మాత్రమే. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

వేర్లు పీల్చుకునే రూపం మోనోసిలిసిక్ ఆమ్లం. దారువు గుండా ఆకులకు చేరి, నీరు ఆవిరయ్యాక కణకవచంలో సిలికాగా గట్టిపడుతుంది. ఈ రేణువులే ఫైటోలిత్‌లు. ఆకు కుళ్లినా ఇవి మట్టిలో మిగులుతాయి. పురావస్తు శాస్త్రవేత్తలు ప్రాచీన పంటలను గుర్తించడానికి వీటిని కూడా వాడతారు.

వరి పేరు తప్పక గుర్తుంచుకోండి. పొడి బరువులో 10 శాతం దాకా సిలికా ఉండొచ్చు. సిలికాన్‌ను లోపలికి తెచ్చే ఎల్‌ఎస్‌ఐ1 జన్యువును 2006లో వరిలోనే గుర్తించారు. అవభాసిని కింద సిలికా పొర ఉంటే అగ్గితెగులు శిలీంధ్రం చొరబడటం కష్టం, పైరు పడిపోవడమూ తక్కువ. వరి ఆకు అంచున వేలు దూస్తే గీసుకుపోతుంది కదా, ఆ గరుకుదనం సిలికాదే. ఊక బూడిదలోనూ అధిక భాగం ఇదే.

సిలికా ఉండే మరో మొక్క ఈక్విసిటమ్; ఇది టెరిడోఫైటా. సిలికా గరుకు వల్ల దాంతో గిన్నెలు తోమేవారు. డయాటమ్‌ల కవచమూ సిలికాయే, కానీ అవి శైవలాలు. పరీక్షలో 'జతపరచండి' ప్రశ్నల్లో జాగ్రత్త.