ఫైనలియర్‌లో ఉన్న అమ్మలుకు

నరసరావుపేట

అమ్మలూ,

నీ మెసేజీ చదివాను. "పుస్తకం తెరిస్తే నిద్రొస్తోంది, మూస్తే భయమేస్తోంది పెదనాన్నా, తీరా ఆఖరికొచ్చాక ఇలా అయిందేంటి" అన్నావు. మీ నాన్నకు చెప్పొద్దన్నావు, చెప్పలేదు. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి పెట్టేసే సంగతి కాదు గనక కాగితం తీశాను.

మొదటేడు అనాటమీ హాల్లో అంతా కొత్త. తరవాత మందులు, సూక్ష్మజీవులు. ఏడాదికో గడప దాటుతున్నామన్న ఊపు. ఫైనల్ పార్ట్ టూకి వచ్చేసరికి మెడిసిన్, సర్జరీ, గైనిక్, పీడియాట్రిక్స్ నాలుగూ ఒక్కసారే మీద పడతాయి. వాటి వెనకాల నీట్ పీజీ నిలబడి ఉంటుంది, 200 ప్రశ్నలు, 800 మార్కులు. పక్క మంచం పిల్ల హెడ్‌ఫోన్లు పెట్టుకుని కోచింగ్ వీడియోలు చూస్తుంటే, వార్డుకు పోవడం టైం దండగ అనిపిస్తుంది. ఇంటర్‌లో ఒక నీట్, ఇప్పుడు ఇంకో నీట్. ఇన్నేళ్లూ పరీక్ష తరిమితే పరిగెత్తావు తల్లీ. ఇప్పుడు కాళ్లు మొరాయిస్తున్నాయి. దీన్ని బద్ధకం అని నేననను, నువ్వూ అనుకోకు.

ఇంకో బరువుంది, నువ్వు రాయకపోయినా నాకు తెలుసు. మిరప ధర పడిపోయిన ఏడు కూడా మీ నాన్న నీ ఫీజు ఆపలేదు. ఊళ్లోకి వస్తే "డాక్టరమ్మ వచ్చింది" అని అరుగుల మీదవాళ్లు లేచి పలకరిస్తారు. ఆ ప్రేమే గొంతుకు అడ్డం పడుతుంది. ఆ లెక్క మీ నాన్నకూ నాకూ వదిలెయ్యి. వార్డులోకి దాన్ని మోసుకుపోవద్దు.

మిగతాది చెప్పేముందు ఒక డాక్టరుగా అడుగుతున్నాను, నిజం చెప్పు. చదువు ఒక్కటేనా, తిండి, స్నేహితులు, పాటలు కూడా రుచించడం లేదా? రెండు వారాలు దాటి ఇలాగే ఉందా? తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తోందా? బతికి ఏం లాభం అన్న ఆలోచన ఒక్కసారైనా వచ్చిందా? వీటిలో ఏది అవునన్నా, అది విసుగు కాదు, జబ్బు కావచ్చు. సైకియాట్రీ ఓపీకి వెళ్లు. ఆ చివరి ఆలోచన వచ్చి ఉంటే ఈ ఉత్తరం ఇక్కడే ఆపి ముందు నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. టెలీ మానస్ 14416 కూడా ఏ వేళప్పుడైనా పలుకుతుంది. నేషనల్ మెడికల్ కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో ఇచ్చిన నివేదికలో, సర్వేకు జవాబిచ్చిన పాతికవేల మందికి పైగా ఎంబీబీఎస్ పిల్లల్లో 27.8 శాతం మంది తమకు మానసిక సమస్య ఉందన్నారు. నువ్వు ఒక్కదానివే అనుకోవద్దని ఈ అంకె చెబుతున్నాను.

అది కాదు, ఉత్త నీరసమే అయితే, ఉత్సాహం వచ్చాక చదువుదామని కూర్చోకు. అది పుస్తకంలోంచి రాదు. మంచం మీది మనిషి దగ్గర మొదలవుతుంది. ఇప్పుడు నీకు విసుగు పుట్టిస్తున్న ఈ ఆఖరి ఏడాది పాఠాలే మన పల్నాడులో ఎంబీబీఎస్ డాక్టరు చేతిలో ప్రాణాలు నిలబెట్టేవి.

వానాకాలం. చేనుగట్టు మీది గుడిసెలో నేల మీద పడుకున్న కౌలురైతు తెల్లవారకముందే కడుపునొప్పితో లేస్తాడు. ఒంటి మీద కాటు కనబడదు. అజీర్తి అనుకుని ఇంట్లోవాళ్లు సోడా తాగిస్తారు. కాసేపటికి రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది. అది కట్లపాము. ఆ రెప్పలు చూసి పోల్చుకోవడానికి ఏ స్కానూ అక్కర్లేదు. యాంటీ వీనమ్ ఎక్కించి, ఊపిరి తగ్గుతుంటే గొట్టం వేసి, మాచర్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రి దాకా అంబూ బ్యాగు నొక్కుతూ తీసుకుపోతే ఆ మనిషి బతుకుతాడు. బ్యాగు నొక్కే చెయ్యి లేకుండా పంపితే దారిలోనే పోతాడు. రక్తపింజరి అనుమానమైతే, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. గడ్డకట్టకపోతే విషం రక్తాన్ని పట్టిందన్నమాట. ఈ పరీక్షకు కావలసింది ఒక గొట్టం, ఒక గడియారం, గుర్తుపెట్టుకున్న డాక్టరు.

పురుగుల మందు సంగతి నీకు వేరే చెప్పాలా? పత్తి, మిరప వేసే ప్రతి ఊళ్లోనూ ఆ డబ్బా చూరులోనే ఉంటుంది. కనుపాప సూదిమొనంత అయి, నోటి వెంట చొంగ కారుతూ వచ్చిన మనిషికి అట్రోపిన్ ఎంతవరకు ఇవ్వాలి? కనుపాప పెద్దదయిందని ఆపకూడదు, ఊపిరితిత్తుల్లో గురగుర పోయేదాకా స్టెతస్కోపుతో వింటూనే ఇవ్వాలి. వైవాలో రెండు మార్కుల ప్రశ్న అది. క్యాజువాలిటీలో రాత్రంతా మెలకువగా కూర్చునే పని. జ్వరం తగ్గని మనిషిని చొక్కా విప్పించి చంకలు, గజ్జలు చూస్తే సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి మచ్చ దొరకొచ్చు. దొరికితే స్క్రబ్ టైఫస్. దానికి డాక్సీసైక్లిన్ చాలా చవక మందు. చొక్కా విప్పించకపోతే రోగం పేరే తెలియదు.

పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పనిచేసినవాడి దగ్గు, దాచేపల్లి వైపు నాపరాళ్లు కోసినవాడి ఆయాసం కూడా అంతే. ఏం పని చేస్తావయ్యా అని అడగని డాక్టరుకు సగం జబ్బు కనబడదు.

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు ఫార్మకాలజీలో విన్నావు కదా. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టుకున్నందుకు సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్‌కు కోపం వచ్చింది. తీరా చదువు చివర చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకన్నా తక్కువదైన ఎల్ఎంఎస్. అక్కడితో ఆయన ఆగిపోయినా తప్పుపట్టేవాళ్లు లేరు. అయితే ఆయన అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టనపెట్టుకుంది. ఆ జబ్బు గురించిన ఆలోచన ఆయన్ను వదల్లేదు. 1922లో బోస్టన్ చేరి, రాత్రుళ్లు ఆసుపత్రిలో కూలిపని చేస్తూ చదివారు. 1945లో లెడర్లే సంస్థలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు పనికొచ్చే మందు అదే. ఆయన్ను అంతదూరం నడిపింది పట్టా అని నేను నమ్మను, ఆ ఇద్దరు మనుషులు. నీకు అంత దుఃఖం అక్కర్లేదు. ఒక్క రోగి మీద శ్రద్ధ చాలు.

కాబట్టి రేపు వార్డులో ఒక్క మంచం ఎంచుకో. పూర్తి హిస్టరీ నువ్వే తీసుకో, కేస్‌షీట్ చూడకుండా. ఊరు, పని, ఇంట్లో ఎవరున్నారు, ఆసుపత్రికి ఎలా వచ్చారు, అన్నీ. రాత్రి ఆ జబ్బు ఒక్కటే పుస్తకంలో చదువు, గంట దాటొద్దు. మర్నాడు పొద్దున్నే మళ్లీ ఆ మంచం దగ్గరికి పోయి, రాత్రి చదివింది అతని ఒంటి మీద వెతుకు. లాంగ్ కేసుకు ఇంతకన్నా మంచి తయారీ నాకు తెలియదు. పాత ప్రశ్నపత్రాలు ఆదివారం రాయి. నిద్ర మాత్రం కోసుకోవద్దు. పీజీ సంగతి హౌస్‌సర్జన్సీ అయ్యేదాకా పక్కనపెట్టినా కొంప మునగదు. ఒక ఏడాది ఆగి రాసినవాళ్లలో మంచి డాక్టర్లు ఎందరో ఉన్నారు. హౌస్‌సర్జన్సీలో కమ్యూనిటీ మెడిసిన్ పోస్టింగు వస్తుంది, అప్పుడు గురజాల వైపు పీహెచ్‌సీ దొరుకుతుందేమో అడుగు. పీజీలో ఏది తీసుకోవాలో నీకు అక్కడ తెలియొచ్చు.

శనివారం రాత్రి ఫోన్ చెయ్యి. ఎలా ఉన్నావని అడిగాక నీ రోగి ఎలా ఉన్నాడని అడుగుతాను. లాంగ్ కేసు చెప్పినట్టే మొదటినుంచీ చెప్పాలి, మధ్యలో ఆపి ప్రశ్నలు వేస్తాను. మీ పెద్దమ్మ మిరపకాయ పచ్చడి పట్టింది, బస్సులో పంపిస్తాం.

ఆశీస్సులతో,
పెదనాన్న