పిడుగు దూరాన పడినను మోటారు ఏల కాలును?

పిడుగు కరెంటు స్తంభము మీద పడిననే మోటారు కాలునని పలువురు తలచుచున్నారు. ఇది సగమే నిజము. నూరు గజముల దూరమున తాటిచెట్టుపై పడినను, ఆ మెరుపు ప్రవాహమువలన చుట్టును విద్యుదయస్కాంత క్షేత్రము వ్యాపించి తీగెలో ఒక్క క్షణము పెద్ద వోల్టేజి లేచును. దీనిని ప్రేరిత వోల్టేజి అందురు.

1958లో స్వీడను దేశీయుడు సునె రుస్క్ దీనికొక లెక్క కట్టెను. పిడుగు ప్రవాహము, తీగె ఎత్తు హెచ్చిన వోల్టేజి హెచ్చును; దూరము పెరిగిన తగ్గును. 30 వేల ఆంపియర్ల పిడుగు, 10 మీటర్ల ఎత్తునగల తీగెకు 100 మీటర్ల దూరమున పడెననుకొందము. కనీసము 90 వేల వోల్టులు పుట్టును. 11 వేల వోల్టుల లైను పరికరములు సాధారణముగా 75 వేల వోల్టుల తాకిడికి మాత్రమే తట్టుకొనునట్లు తయారగును. ఇక మోటారు మాట చెప్పనేల!

అయితే ఆ లెక్క విద్యుత్తు బాగుగా పారు నేలకు, మైదానమునకు సరిపోవును. కొత్తవలస ప్రాంతపు ఎర్రనేలలు వేసవిలో ఎండి, విద్యుత్తును సులభముగా పోనీయవు. అట్టి నేలపై ప్రేరిత వోల్టేజి సాధారణముగా ఇంకను హెచ్చును. పైగా అదే నేలలో పాతిన ఎర్తు కూడ బలహీనమగును. తడిసిన వరిమడుల మీదుగా పోవు లైనుకు ఈ బెడద తక్కువ. కాని చుట్టును చెట్టుచేమ లేనందున పిడుగు నేరుగా తీగెపైనే పడు అవకాశ మెక్కువ.

చెట్ల సంగతి చిత్రమైనది. లైను ప్రక్కనున్న తాళ్లు, సరుగుడు తోటలు నేరు పిడుగును తమపైకి తీసికొనును. నేరుగా పడిన పిడుగు లక్షల వోల్టులు తెచ్చును గనుక ఇది మేలే. కాని చెట్టు లైనుకు దగ్గరైనకొలది ప్రేరిత వోల్టేజి పెరుగును. అయినను పిడుగు భయముతో తాళ్లు కొట్టివేయుట తెలివిగల పని కాదని నా అభిప్రాయము. తీగెను తాకు కొమ్మలను మాత్రము విద్యుత్ శాఖవారిచే నరికించవలెను. ఊరిలోని ఎత్తైన మేడలు సమీపపు తీగెలకు కొంత చాటు కల్పించును; పొలములో ఒంటరిగా సాగు సర్వీసు తీగెకు ఆ చాటు లేదు.

2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రమున 13 గంటలలో 36,749 పిడుగులు నమోదైనవి. కావున ఏప్రిలు రాకముందే మోటారు ఎర్తు గుంటలో బొగ్గు, ఉప్పు వేయించి, వేసవియంతయు నీరు పోయుచుండవలెను. ట్రాన్స్‌ఫార్మరు వద్ద లైట్నింగ్ అరెస్టరు పగిలియున్నచో లైన్‌మనుకు తెలుపుడు, మీరు ముట్టరాదు. మబ్బు దూరముగా నుండగనే మెయిను ఆపి ఫ్యూజులు తీయుడు. ఉరుము వినబడిన పిమ్మట, అర్జునుని పేర్లు తలచుకొనుచునైనను, స్టార్టరు దగ్గరకు పోరాదు. తడిసిన చేతితో ఫ్యూజు తీయబోవుటకన్న మోటారు కాలుటయే నయము.