తేట నీళ్లలో ఆకలి

బిడ్డా,

నిజామాబాద్ ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టి ఫెదర్ డస్టర్ పురుగును పెంచుతానని రాశావు. చాలా సంతోషమైంది. అయితే పురుగును ఇప్పుడే తేవద్దు. తొట్టి నడవడం మొదలై కొన్ని నెలలు గడవాలి. అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు దిగాలి, రాళ్ల మీద, ఇసుకలో సూక్ష్మజీవులు స్థిరపడాలి. ఇళ్లలో ఈ పురుగు ఎక్కువగా చచ్చేది రోగంతో కాదు, ఆకలితో. తొట్టి ఎంత తళతళలాడితే దానికి అంత కరువు.

అది సబెల్లిడే కుటుంబపు జీవి, వానపాముకు దూరపు చుట్టం. తన జిగురుతో ఇసుక, బురద కలిపి మెత్తని గొట్టం కట్టుకొని అందులోనే బతుకుతుంది. పైన విసనకర్రలా విచ్చుకునే కిరీటంతోనే తిండి పట్టుకుంటుంది, ఊపిరీ తీసుకుంటుంది. ఈ జాతికి దగ్గరిదైన సబెల్లా పవోనినాను పరిశీలించి నికోల్ అనే శాస్త్రవేత్త 1930లో రాసిన సంగతి నాకెంతో ఇష్టం. కిరీటం నీటిలోని రేణువులను జల్లెడ పడుతుందట. సన్నవి నోట్లోకి పోతాయి, మధ్యరకానివి గొట్టం కట్టడానికి, ముతకవి బయటికి. చేపల గుళికలు దానికెందుకు పనికిరావో, తొట్టి అడుగున సన్న ఇసుక ఎందుకు ఉండాలో ఇక్కడే తెలిసిపోతుంది.

కాబట్టి నానోక్లోరాప్సిస్ లాంటి సూక్ష్మ శైవలాన్ని వారానికి మూడు నాలుగు సార్లు ఇవ్వు. సీసాల్లో పచ్చని ద్రవంగా దొరుకుతుంది. ఇచ్చేముందు ఫిల్టర్, నురుగుతో మురికి తీసే స్కిమ్మర్ ఒక గంట ఆపు, నీళ్లను తిప్పే పంపు మాత్రం నడవనీ. డ్రాపర్‌తో కిరీటం మీద పోయకు, ఠక్కున ముడుచుకుంటుంది. ప్రవాహానికి ఎగువన వదిలితే నీళ్లే తీసుకెళ్లి అందిస్తాయి. మరీ ఎక్కువైతే నీళ్లు పాడవుతాయి, నైట్రేట్ చూసుకుంటూ పెంచు.

ఇక నీళ్ల సంగతి. బోరు నీళ్లు పోయకు. యూరియా చల్లే పొలాల మధ్య బోర్లలో నైట్రేట్ ఉండొచ్చు. ఆర్‌వో నీళ్లే వాడాలి, అదీ టీడీఎస్ మీటరు సున్నా దగ్గర చూపించేవి. ఇంట్లో తాగే ప్యూరిఫయర్ కాపర్ కలిపే రకమైతే ఆ నీళ్లు ముట్టుకోకు. మనుషులకు మంచిదని కలిపే ఆ రాగి ఈ జీవికి విషం. చేపలకు జబ్బు చేస్తే వేసే రాగి మందు కూడా ఈ తొట్టిలో ఎన్నడూ పడకూడదు. వంట ఉప్పుతో పని జరగదు. కాల్షియం, మెగ్నీషియం ఉన్న మెరైన్ సాల్ట్‌ను లీటరుకు 35 నుంచి 38 గ్రాముల దాకా కలుపు.

ఇక్కడి శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు రసం చుక్క వేసి తీపి శాతం (బ్రిక్స్) చూసే రిఫ్రాక్టోమీటర్ నా చేతిలో ఎప్పుడూ ఉండేది. ఉప్పునీటి పరికరానిదీ అదే సూత్రం. నీళ్లలో కరిగినది పెరిగేకొద్దీ వెలుతురు ఎక్కువ వంగుతుంది. కానీ బ్రిక్స్ గీతలు నీకు పనికిరావు. సముద్రపు నీటి గీతలున్నది కొని, 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్లు) ద్రావణంతో సరిచూసుకో. తొట్టి నీళ్లు కూడా 35 దగ్గరే నిలవాలి.

మన ఎండలే అన్నిటికన్నా పెద్ద పరీక్ష. నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి, మే నెలలో బయట 45 కొడుతుంది. నీటి మీదికి ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి, అంతకు మించి తగ్గాలంటే చిల్లర్ గానీ ఏసీ గానీ కావాలి. ఫ్యాన్ గాలికి ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. తగ్గినంత మేర రోజూ ఉత్త ఆర్‌వో నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు పోశావంటే ఉప్పు పెరిగిపోతుంది. కరెంటు పోతే పనికొచ్చేలా బ్యాటరీ ఎయిర్ పంపు దగ్గర పెట్టుకో.

తొట్టిలో పెట్టుకోమని దుకాణంవాళ్లు పగడపు రాళ్లు ఇస్తామంటే తీసుకోకు. పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవులు. సిరామిక్ రాళ్లు చాలు. బటర్‌ఫ్లై చేపలు, పఫర్ చేపలు కిరీటాన్ని కొరికేస్తాయి, వాటితో కలిపి పెంచకు.

ఎప్పుడో ఒకరోజు కిరీటం ఊడి అడుగున పడి ఉంటుంది. భయపడి పురుగును పారెయ్యకు. ఏదో ఇబ్బంది పడిందన్నమాట. ఉప్పు, వేడి, అమ్మోనియా మూడూ కొలువు. గొట్టాన్ని చీల్చి చూడకు, లాగకు. లోపల ప్రాణముంటే కొన్ని వారాల్లో చిన్న కిరీటం మళ్లీ మొలుస్తుంది, అందాకా తిండి మానకు. గొట్టం మెత్తబడి కుళ్లు వాసన వస్తే మాత్రం వెంటనే తీసేసి, కొంత నీళ్లు మార్చి మిగతా జీవులను కాపాడుకో.

మీ పెద్దబాపు,
బోధన్