పాత వాహనానికి వేడిమి గండం

లక్ష మైళ్ళు దాటిన స్పోర్ట్ యుటిలిటీ వాహనం అమెరికాలోని పలు తెలుగు కుటుంబాలలో రెండవ కారుగానో, కళాశాలకు వెళ్ళే పిల్లల తొలి కారుగానో సేవ చేస్తూ ఉంటుంది. అట్టి వాహనానికి వచ్చే రుగ్మతలు అనేకం. వాటిలో స్వల్ప వ్యయంతో నివారింపదగినదీ, ఉపేక్షిస్తే ఇంజనునే హరించేదీ శీతలీకరణ వ్యవస్థలోని లోపం.

ఇంజనులో మండిన పెట్రోలు శక్తిలో చక్రాలను త్రిప్పేది సుమారు నాలుగవ వంతు మాత్రమే. మిగిలినదానిలో అధిక భాగం వేడిగా మారి పొగగొట్టం ద్వారా, రేడియేటర్ ద్వారా వెలుపలికి పోవాలి. బరువైన వాహనం కొండ ఎక్కుతున్నప్పుడు, ట్రెయిలరును లాగుతున్నప్పుడు ఈ భారం మరింత పెరుగుతుంది.

నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. ఇంజనులో తిరిగే కూలెంట్ సాధారణ ఉష్ణోగ్రతే సుమారు 90 డిగ్రీలు. ఈ కొద్దిపాటి ఎడం చాలదు. అందుకే నీటిలో ఇథిలీన్ గ్లైకాల్‌ను సమపాళ్ళలో కలుపుతారు. రేడియేటర్ మూత లోపలి పీడనాన్ని వాతావరణ పీడనానికి దాదాపు రెట్టింపుగా నిలుపుతుంది. ఈ రెండింటి ఫలితంగా ద్రవం 125 డిగ్రీలు దాటినా మరగదు. మూత స్ప్రింగు బలహీనపడినా, రబ్బరు గొట్టం పగిలినా, వాటర్ పంపు కారినా, థర్మోస్టాట్ మూసుకొని ఉండిపోయినా ఈ రక్షణ సడలిపోతుంది.

అటుపై దెబ్బ తినేది హెడ్ గాస్కెట్. అనేక ఇంజనులలో క్రింది దిమ్మ పోత ఇనుముతోను, పైనున్న సిలిండర్ హెడ్ అల్యూమినియంతోను నిర్మితమై ఉంటాయి. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకంటె దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. వేడి హద్దు మీరితే హెడ్ వంకర తిరిగి, మధ్యనున్న గాస్కెట్ చెడుతుంది. 1990ల తొలినాళ్ళ టొయోటా ఫోర్‌రన్నర్ 3.0 లీటర్ల వి-6 ఇంజను ఈ లోపానికి పేరుపడింది. గాస్కెట్ చెడినప్పుడు కూలెంట్ సిలిండరులోకి చేరితే పొగగొట్టం నుండి ఆగని తెల్లని పొగ వస్తుంది. ఆయిలులో కలిస్తే అది పాలు కలిపిన కాఫీ రంగుకు మారుతుంది.

ముందస్తు సూచనలు సులభంగా గుర్తింపదగినవే: కారు నిలిపినచోట రంగు మరక, తీయని వాసన, తరచు తగ్గే కూలెంట్ మట్టం, చలికాలంలో వేడి గాలినివ్వని హీటర్. ఈ ద్రవం తీయగా ఉన్నా విషం. పసిపిల్లలకు, పెంపుడు జంతువులకు అందనీయరాదు.

ప్రయాణంలో ఉష్ణోగ్రత సూది పైకి పోతుంటే ముందు ఎయిర్ కండిషనర్ ఆపి, హీటర్‌ను పూర్తిగా తెరవాలి. హీటర్ కూడ ఒక చిన్న రేడియేటరే గనుక కొంత వేడిని తీసివేస్తుంది. వెంటనే బండిని సురక్షితంగా ప్రక్కకు నిలిపి, ఇంజను ఆపాలి. చల్లారకముందు మూత తెరవరాదు. పీడనం తొలగిన మరుక్షణం లోపలి ద్రవం మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది.

ఒక్కొక్కసారి పైకి పోయిన సూది ఉన్నట్టుండి క్రిందికి దిగుతుంది. అది ఊరట కాకపోవచ్చు. కూలెంట్ అంతా కారిపోతే ఉష్ణోగ్రతను కొలిచే సాధనానికి తగిలే ద్రవమే ఉండదు. ఇల్లు ఇంకా రెండు మైళ్ళే కదా అని అప్పుడు నడిపితే, కొద్ది డాలర్ల గొట్టంతో పోవలసిన ఖర్చు ఇంజను ఖరీదుకు చేరుతుంది.